నాలుగో మెట్టు

ఆ ఇంటి గుమ్మం ఎక్కకుండానే నేను గొడవ పెట్టుకున్నాను. ఆటో ఆగగానే ముప్పై దాటిన ఒకతను లోపల్నుంచి పరిగెత్తుకొచ్చి, "ఇటిచ్చీండక్కా, నాను మోస్తాను" అంటూ నా వీణపెట్టె మీద చెయ్యి వేశాడు. "చెయ్యి తియ్యి ముందు" అన్నాను. నవ్వుతూ వచ్చిన మనిషి మొహం చిన్నబోయింది. పెట్టె నేనే ఎత్తుకుని, వగరుస్తూ అరుగెక్కి, నా గది ఏదో కనుక్కుని, లోపల పెట్టి తాళం వేసి, తాళంచెవి చేతిసంచీలో పడేసుకున్నాకగానీ మంచినీళ్ళు ముట్టలేదు.

కళింగపట్నంలో, పడవలు లాగి పెట్టే చోటికి కాస్త ఇవతల ఉన్న పాత పెంకుటిల్లు అది. ఏటా ఎండాకాలంలో ఒక వారం పాటు దాన్ని అద్దెకు తీసుకుని, తనలాంటి పనులు చేసుకు బతికేవాళ్ళను పోగుచేసే మనిషి ఒకావిడ ఉంది. సీరియళ్ళకు గొంతు అరువిస్తుంది. మైకు ముందు అత్తగారిలా గర్జిస్తుంది, కోడలిలా ఏడుస్తుంది, మైకు పక్కకు జరిపితే అచ్చం శ్రీకాకుళం యాస. విజయనగరంలో ఎవరింటి పేరంటంలోనో నా వీణ విని, నంబరు సంపాదించి, నెల రోజులు నన్ను వదల్లేదు. ఈ వారం రోజుల వ్యవహారానికి ఆవిడ పెట్టుకున్న పేరు రిట్రీట్. ఆ మాట వింటేనే నాకు ఒళ్ళు మండింది. ఒకరినొకరు పొగుడుకుని మురిసిపోవడానికి సముద్రం దాకా రావాలా, ఇంట్లో కూర్చుని ఫోన్లో చేసుకోకూడదా అన్నాను. ఆవిడ పగలబడి నవ్వి, "మా దగ్గర పొగడ్డం నేదు వదినా, వచ్చి సూడు" అంది. అప్పటికి మేము ముఖాముఖి ఒక్కసారి కలిశాం. వదిన ఎప్పుడయ్యానో నాకు తెలియదు.

అయినా వెళ్ళడానికి కారణం ఉంది. ఆ గుంపులో ఒక సౌండు రికార్డిస్టు ఉన్నాడు. విజయనగరం మనిషే, పొదుపుగా మాట్లాడతాడు, సినిమాలకూ డాక్యుమెంటరీలకూ పనిచేస్తాడు. వారం చివర నా వీణ రికార్డు చేసి పెడతానన్నాడు. ఇన్నేళ్ళూ ఎవరి పాటల వెనకో, ఎవరి పెళ్ళి వీడియోల కిందో వాయించాను, ఆన్‌లైన్లో పిల్లలకు సరళీ స్వరాలు చెప్పాను. నా పేరు మీద ఒక్క గంట సంగీతం ఎక్కడా లేదు. ఆ ఒక్క ఆశతో బయల్దేరాను. నా వీణ పెట్టె మీద చెయ్యి వేసినతను పెళ్ళిళ్ళ ఫొటోగ్రాఫరు, టెక్కలి వైపు వాడు. మేం నలుగురమే.

వీణ సంగతి కొంచెం చెప్పాలి. పొడుగాటి మెడలాంటి దండి మీద ఇరవై నాలుగు కంచు మెట్లుంటాయి. అవి చెక్కలో దిగేసినవి కావు. తేనెమైనం, గుగ్గిలం, మసి కలిపి నల్లటి ముద్ద చేసి, దండికి రెండు పక్కలా చిన్న గట్టులా పెడతారు. ఆ మైనం మెత్తగా ఉండగానే ఒక్కో మెట్టూ దాని మీద అద్ది, తీగ మీటి వింటూ, వెంట్రుకవాసి అటూ ఇటూ జరుపుతూ కూర్చోబెడతారు. దీన్ని మేళం కట్టడం అంటారు. కట్టేవాడి చెవికి ఎక్కడ సరిపోతే మెట్టు అక్కడ ఆగుతుంది. మైనం పాతబడి పగిలినప్పుడల్లా తీసి మళ్ళీ కట్టాలి. నా వీణకు కట్టించి చాలా కాలమైంది. బొబ్బిలిలో వీణలు చేసే పెద్దాయన చూసినప్పుడల్లా, "ఇది మార్చీయాలి తల్లీ" అంటాడు. వచ్చే ఏడు చూద్దాం అంటాను. ఎందుకంటే ఆ మేళం మా నాన్నగారు కట్టింది. అది కట్టిన కొన్నాళ్ళకే ఆయన పోయారు. మూడేళ్ళవుతోంది.

మా తాతముత్తాతలు గుడిలో వాయించినవాళ్ళు. నాన్నగారి కాలానికి గుడీ మాన్యమూ ఏమీ మిగల్లేదు. ఇంటికొచ్చిన పిల్లలకు పాఠం చెప్పి మమ్మల్ని పెంచారు. ఊళ్ళో ఎవరి వీణకు మేళం కట్టాలన్నా ఆయన్నే పిలిచేవారు.

మొదటి రోజు సాయంత్రం హాల్లో చాపలు వేశారు. అక్కడొక పద్ధతి ఉంది. రోజూ ఒకరు తమ పని చూపించాలి. చూసినవాళ్ళు ఏమైనా అనవచ్చు, 'బాగుంది' అని మాత్రం అనకూడదు. కొత్తదాన్ని కాబట్టి నన్నే ముందు వాయించమన్నారు. మోహన ఎత్తుకున్నాను. చేతికి అలవాటైన రాగం, ఎవరూ వంక పెట్టలేరన్న ధీమా. ముగించి తల ఎత్తాను. ఫొటోగ్రాఫరు నోరు తెరవబోయి, అనకూడని మాట గుర్తొచ్చి మూసుకున్నాడు. సౌండతను చాప కేసి చూస్తూ, "నాలుగో మెట్టు తగ్గుంది మేడం" అన్నాడు. "గాంధారం వచ్చినప్పుడల్లా మీరు తీగ లాగి సరిచేస్తున్నారు. వేలు నొప్పెట్టదా?"

నా నెత్తిన ఎవరో వేణ్ణీళ్ళు పోసినట్టయింది. "నా వీణ సంగతి నాకు తెలుసు. మీ మైకుల సంగతి మీరు చూసుకోండి" అన్నాను. గొంతు ఎంత పెరిగిందో నాకే తెలిసింది. వీణ ఎత్తుకుని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. పొద్దున్నే వెళ్ళిపోదామని బట్టలు కూడా సర్దేశాను.

అతను చెప్పింది అబద్ధమైతే నాకంత కోపం వచ్చేది కాదు. చివరి ఏడు నాన్నగారికి ఒక చెవి పూర్తిగా మందగించింది, రెండోది తోచినట్టు వినేది. ఎవరితోనూ చెప్పుకోలేదు. ఆ స్థితిలోనే పట్టుబట్టి నా వీణ ముందేసుకుని కూర్చున్నారు. మిగతా మెట్లన్నీ చెవితో పనిలేకుండా ఆయన చెయ్యే కట్టింది, ఎక్కడివక్కడ ఉన్నాయి. నాలుగోది మాత్రం, అంతర గాంధారం పలకవలసింది, రవ్వంత కిందకి నిలిచింది. పని అయ్యాక వీణ నా ఒళ్ళో పెట్టి, "సరిపోయిందా అమ్మా?" అని అడిగారు. మీటగానే నాకు తెలిసిపోయింది. ఆయన నా మొహం కేసే చూస్తున్నారు. ఏం చెయ్యను? వేలితో తీగను పక్కకు లాగి, స్వరాన్ని ఎక్కడికి రావాలో అక్కడికి తెచ్చి, "సరిపోయింది నాన్నగారూ" అన్నాను. ఆయన తల ఊపారు. ఆ రోజు నుంచీ గాంధారం వచ్చినప్పుడల్లా లాగుతూనే ఉన్నాను. ఎడమచేతి చూపుడువేలు వాచి, కణుపు దగ్గర సలుపుతూ ఉండేది. మేళం మార్చనివ్వలేదు. ఎవరికి అప్పజెప్పినా ముందు ఆ మెట్టునే సరిచేస్తారు.

పొద్దున్న సంచీ పట్టుకుని బయటికి వస్తే డబ్బింగావిడ అరుగు మీద కాఫీ పెట్టుకుని కూర్చుంది. ఉండమని బతిమాలుతుందనుకున్నాను. "బస్సుకి టైముంది, తాగీసి ఎళ్ళు" అంది. తాగాను. నా సంచీ కేసి చూడను కూడా లేదు. పంతానికి పంతం అన్నట్టు నేనూ లేవలేదు. బస్సు వెళ్ళిపోయింది. "మరి ఇడ్డెన్లు తింటావేటి?" అంది.

అలా ఉండిపోయాను, కానీ మనసు కుదుటపడలేదు. సౌండతను ఎదురైతే పక్కకు తప్పుకునేదాన్ని. నా గదికి ఎప్పుడూ తాళమే, స్నానానికి వెళ్ళినా సరే. వాళ్ళు ముగ్గురూ దానికేమీ అనలేదు. నేను భోజనానికి రాకపోతే వేచి ఉండేవారు. ఆ వేచి ఉండడం నాకు మరీ కష్టంగా ఉండేది. తిట్టిపోసినా బాగుండును అనిపించేది.

ఫొటోగ్రాఫరు మాత్రం మొదటి రోజు చీవాట్లు మరిచిపోయినట్టే తిరిగేవాడు. చేపలు ఎండబెట్టే వైపు నడవడానికి వెళ్తే వెంట వచ్చేవాడు. ఒకసారి తను తీసినవి చూపించాడు. అన్నీ చేతులే. వల అల్లే చేతులు, చేపలు తిరగేసే చేతులు, బీడీలు చుట్టే చేతులు. "పెళ్ళిళ్ళల్లో మొకాలు తీసీ తీసీ ఇసుగొచ్చీసినాదక్కా. సేతులు తీస్తానంటే ఎవులు డబ్బులిస్తారు? ఇక్కడకొస్తేనే తీసుకుంటాను" అన్నాడు. తర్వాత నా ఎడమచెయ్యి చూసి, "వేలు వాసినాది కదక్కా" అన్నాడు. అంతకు ముందు నా వేలు కేసి చూసినవాళ్ళు లేరు. నాకెందుకో కోపం రాలేదు.

వీణ ఫొటో తీసుకుంటానని అడిగాడు. వద్దన్నాను. మర్నాడు మళ్ళీ అడిగాడు, మళ్ళీ వద్దన్నాను. మూడోసారి అడిగినప్పుడు నాకే జాలేసింది. షరతులు పెట్టాను. ఎండ తగలకూడదు, సూర్యుడు పైకి రాకముందే ముగించాలి, ఇసుక పడకూడదు, ఉప్పుగాలిలో ఎక్కువసేపు ఉంచకూడదు. అతను ప్రతిదానికీ "అలగే అక్కా, అలగే" అన్నాడు. కెమెరాల మనిషి కదా, ఇసుక గురించీ ఉప్పుగాలి గురించీ నాకంటే అతనికే ఎక్కువ తెలుసు.

ఫొటోలు తీసే రోజునే డబ్బింగావిడ నన్ను శ్రీకాకుళం తీసుకెళ్తానంది. ఎముకల డాక్టరు ఆవిడకు తెలిసినవాడట, వేలు చూపించాలని పట్టుబట్టింది. తెల్లవారుతుండగా వీణ పెట్టె అతని చేతికి నేనే ఇచ్చాను. ఒడ్డున ఒక పడవ మీద దుప్పటి పరిచి వీణ పెట్టాడు. కాసేపు నిలబడి చూశాను. ఒళ్ళు దగ్గర పెట్టుకునే చేస్తున్నాడు. "అయిపోగానే పెట్టెలో పెట్టి లోపల పెట్టెయ్యి" అని చెప్పి బస్సెక్కాను.

డాక్టరు వేలు అటూ ఇటూ వంచి, "ఏటి పని సేస్తారమ్మా?" అన్నాడు. వీణ అన్నాను. తీగ లాగి చూపించమన్నాడు, బల్ల అంచు మీద చూపించాను. "ఈ లాగడం మానీండి. మానకపోతే రేపు గ్లాసు కూడా పట్టుకోనేరు" అన్నాడు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరికీ చెప్పని సంగతి డబ్బింగావిడకు చెప్పేశాను. మెట్టు, నాన్నగారి చెవి, నేనన్న మాట, అంతా. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. ఆవిడ అయ్యో అనలేదు. "నీ నోరు ఒక్కసారే అబద్ధం ఆడినాది. పాపం ఆ వేలు రోజూ ఆడతన్నాది వదినా" అంది. ఇంకెవరైనా ఆ మాట అంటే చెంప పగలగొట్టేదాన్ని. కిటికీ వైపు తిరిగి, వాచిన వేలిని చీరకొంగులో చుట్టుకున్నాను.

మిట్టమధ్యాహ్నం దాటాక దిగాం. ఎండ నిప్పులు చెరుగుతోంది. ఇంటి ముందు ఫొటోగ్రాఫరు కారు, తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. అతను అరుగు కింద నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడుగానీ దగ్గరికి రాలేదు. సౌండతను గుమ్మంలో నిలబడి, దారి వదులుతూ, "మేడం, కొంచెం నిమ్మళంగా..." అన్నాడు. అతన్ని తోసుకుని లోపలికి వెళ్ళాను.

వీణ హాల్లో మంచం మీద ఉంది. మైనం కరిగి గట్టు తెగిన మడిలా దండి పక్కలకు జారింది. నగిషీ మీద నల్లటి చారలు. మెట్లు కొన్ని వాలిపోయాయి, కొన్ని ఒకదానికొకటి ఆనుకున్నాయి, రెండు మూడు మంచం మీదకు రాలి ఉన్నాయి. నాలుగోది ఏదో వెతికాను. ఆ కుప్పలో ఏది ఏదో తెలియలేదు.

"కారులో ఎట్టినాను అక్కా" అన్నాడు అతను వెనకనుంచి. "మీ గదికి తాళం ఉన్నాది. హాల్లో ఎడితే ఉప్పుగాలి. నా కెమెరాలన్నీ అలగే పెడతాను, అద్దాలు ఎత్తీసి కారులో. ఉప్పుగాలి తగిలితే లెన్సు పోతాది కదా అని... సల్లగా ఉన్నప్పుడే ఎట్టినాను. మైనమని నాకు తెల్దక్కా. నల్లగా ఉంటే సెక్కనుకున్నాను."

"నీ చేతులు పడిపోనూ" అన్నాను. అక్కడితో ఆగలేదు. ఏమేమి అన్నానో అన్నీ రాయలేను. వాడి పనినీ, వాడి ఊరినీ, వాడు తీసిన ఆ చేతుల బొమ్మలనూ, దేన్నీ వదల్లేదు. అతను నిలబడి అన్నీ విన్నాడు. డబ్బింగావిడ నా భుజం పట్టుకోబోతే విదిలించుకున్నాను. చివరికి సౌండతను, "నేనూ చూశాను మేడం, కారులో పెడుతుంటే. మంచి పనే చేస్తున్నాడనుకున్నాను. మైకులు నేనూ అలాగే పెడతాను" అన్నాడు. రుమాలు కోసం సంచీలో చెయ్యి పెడితే గది తాళంచెవి తగిలింది. దాన్ని గట్టిగా పట్టుకుని, మంచం పక్కన నేల మీద కూలబడ్డాను.

బొబ్బిలి పెద్దాయనకు ఫోన్ చేశాను. "ఎండలో కారులోనేటి తల్లీ!" అని లబలబలాడాడు. ఆ తర్వాత, "పోనీ, సెక్కకేటీ కానేదు కదా. తెచ్చీండి. కట్టీసి ఇస్తాను" అన్నాడు. మెట్లు పాత చోటే పెట్టగలరా అని అడిగాను. "పాత చోటేటి తల్లీ? నా సెవికి ఎక్కడ పలికితే అక్కడే కదా పెడతాను" అన్నాడు. మళ్ళీ చేస్తానని పెట్టేశాను. ఆయన కడితే ఇరవై నాలుగూ చక్కగా పలుకుతాయి. నాన్నగారు ఎక్కడా ఉండరు.

చాలాసేపటికి ఫొటోగ్రాఫరు లాప్‌టాప్ పట్టుకుని వచ్చి, నాకు దూరంగా కింద పెట్టి, నా వైపు తిప్పాడు. పొద్దుటి ఫొటో. వీణను నిలువునా పైనుంచి తీశాడు. తెల్లవారుజాము వెలుగులో ప్రతి మెట్టూ, దండి అంచు మీది లతలో ప్రతి ఆకూ, ఏ ఆకు కొనకు ఏ మెట్టు ఉందో అన్నీ కనిపిస్తున్నాయి. "ఎంత పెద్దది సేసినా సెదరదక్కా. ఇరవై నాలుగూ ఉన్నాయి. ఉన్నది ఉన్నట్టు ఎట్టీగలరేమో సూడండి" అన్నాడు. అతని మీద కోపం పోలేదు. కానీ ఆ బొమ్మ మీంచి చూపు తిప్పుకోలేకపోయాను.

నేనెప్పుడూ మేళం కట్టలేదు. నాన్నగారి పక్కన కూర్చుని మైనం కాచి ఇచ్చాను, గరిటె అందించాను, అంతే. అయినా ఇంకొకరి చేతిలో పెట్టదల్చుకోలేదు. ఇది మా నాన్నగారు చివరగా కట్టిన మేళం, నేనే కడతాను, ఆయన పెట్టిన చోటే పెడతాను అన్నాను.

జారిన మైనమంతా గీకి తీశాం. ఫొటోగ్రాఫరు వంటింట్లో ఇనుప గరిటెలో దాన్ని కాచి, వేళ్ళు కాలుతున్నా ఉండలు చేసి తెచ్చాడు. దండికి గట్టు పెట్టి, కాల్చిన అట్లకాడతో నున్నగా చేశాను. డబ్బింగావిడ ఫోన్లో శ్రుతి పెట్టి నా పక్కన కూర్చుంది. సౌండతను గోడకు ఆనుకుని, మొదటి రోజు తిట్లు గుర్తున్నాయేమో, మాట్లాడకుండా చూస్తున్నాడు. నేనొక మెట్టు అద్దగానే ఫొటోగ్రాఫరు తెరలోకి వంగి, "ఆకు కొనకి రావాలక్కా, కొంచెం కుడికి, ఇంకాస్త, ఆగండి" అనేవాడు. మీటి వినేదాన్ని. ఒకటి, రెండు, మూడు సరిగ్గా పలికాయి. నాలుగో దాని దగ్గర ఖాళీ వదిలి ఐదో దానికి వెళ్ళాను. అన్నాలు ఎవరూ తినలేదు. అర్ధరాత్రి అయ్యేసరికి ఇరవై మూడు నిలబడ్డాయి. చెవి చెడిందనుకున్న మనిషి పెట్టిన చోట్లు, ఒక్కొక్కటీ ఎంత బాగా పెట్టారోనని మళ్ళీ మళ్ళీ మీటి విన్నాను.

ఇక ఆ ఒక్కటే మిగిలింది. అక్కడి మైనం మళ్ళీ వేడి చేసి అద్దాను. "సరిగ్గా ఇక్కడే అక్కా" అన్నాడు ఫొటోగ్రాఫరు. వేలు లాగకుండా బిగబట్టి మీటాను.

మూడేళ్ళలో మొదటిసారి ఆ మెట్టును ఉన్నదున్నట్టు విన్నాను. నేను గుర్తుపెట్టుకున్న దానికంటే ఎక్కువ తగ్గుంది. మళ్ళీ మీటాను. గుమ్మం దాకా వచ్చి లోపలికి రాలేక నిలబడ్డ మనిషిలా ఉంది ఆ స్వరం. సౌండతని కేసి చూశాను. "నన్నడక్కండి మేడం" అన్నాడు, తల దించుకుని. మైనం చల్లారిపోతోంది. ఇంకాసేపు ఆగితే మెట్టు అక్కడే గట్టిపడుతుంది. అది నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. ఉంచేస్తాను అన్నాను.

డబ్బింగావిడ శ్రుతి ఆపేసింది. "వదినా, ఆరోజు మీ నాన్నగారు నిన్నేటని అడిగినారు?"

"చెప్పానుగా. సరిపోయిందా అని."

"ఊళ్ళో అందరి వీణలూ కట్టిన మనిషి. ఇంకెవులనైనా అలాగ అడిగినారా ఎప్పుడైనా?"

లేదు. ఒక్కసారి కూడా లేదు. మెట్టు పెట్టాక తలెత్తి ఎవరినీ చూసే మనిషి కాదు.

"తన సెవి మీద నమ్మకం పోయినాదని ఆయనకి తెలుసు. అందుకే నీ సెవిని అడిగినారు. ఆయనకి ఆ మెట్టు సరిపోవాలనే కదా ఉన్నాది? నువ్వింకా జవాబు సెప్పనేదు వదినా."

కోపం రావాలి. రాలేదు. నేనాయన్ను కాపాడుతున్నానని ఇన్నాళ్ళూ అనుకున్నాను. ఆయన నా ముందు చెయ్యి చాపితే నేను చూడలేదు. "ఆ కంప్యూటరు మూసెయ్యి" అన్నాను ఫొటోగ్రాఫరుతో. మూసేశాడు. అట్లకాడ వేడి చేసి ఇమ్మన్నాను. మైనాన్ని మెత్తబరిచి, బొటనవేలితో మెట్టును ముందుకు నెట్టాను. ఎంతో కాదు, గోరు అంచు మందం. మీటాను. ఇంకొంచెం నెట్టాను. మీటాను. చెయ్యి తీసేశాను. ఎవరూ బాగుందనలేదు. సౌండతను మాత్రం కళ్ళు తుడుచుకుంటూ మైకు తెచ్చే మిషతో లోపలికి పోయాడు.

మర్నాడు పొద్దున్న మైనం బిగిశాక లోపలి గదిలో రికార్డింగు పెట్టుకున్నాం. తలుపుల సందుల్లో దుప్పట్లు కుక్కాడు సౌండతను. అయినా సముద్రం కొంచెం వినపడుతూనే ఉంది. ఉండనీండి అన్నాను. మోహన ఎత్తుకున్నాను. గాంధారం దగ్గరికి రాగానే నా వేలు తీగను లాగింది. స్వరం హద్దు దాటి పైకి పోయింది, కర్ణకఠోరంగా. ఆపాను. మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ లాగింది. మెట్టు ఇప్పుడు సరిగ్గా ఉంది, దిద్దడానికి అక్కడేమీ లేదు. వేలికి ఆ సంగతి తెలియదు. ఆయన ఇంకా ఎదురుగా కూర్చుని నా మొహం కేసి చూస్తున్నట్టే లాగుతోంది.

"ఇంకోసారి" అన్నాడు సౌండతను ప్రతిసారీ, అదే గొంతుతో, విసుగు లేకుండా. డబ్బింగావిడ పని మీద వెళ్ళవలసి ఉంది, ఫోన్ కట్టేసి కూర్చుంది. ఫొటోగ్రాఫరు గుమ్మానికి ఆనుకుని నేల మీద ఉన్నాడు. మైనం కాచినందుకు వేళ్ళ కొనలు బొబ్బలెక్కాయి. కెమెరా తేలేదు. నిన్న అన్న మాటలకు ఏం చెప్పాలో తెలియక, "ఆ చేతికి వెన్న రాశావా?" అని అడిగాను. "రాసినానక్కా" అన్నాడు. వాయించాను, తప్పాను. వాయించాను, తప్పాను. చొక్కాలు, జాకెట్లు చెమటకు తడిసి ముద్దయ్యాయి. ఫ్యాను వేస్తే చప్పుడవుతుందని ఎవరూ వెయ్యలేదు. ఇక నావల్ల కాదు అనుకుంటూనే మళ్ళీ ఎత్తుకున్నాను.

ఎన్నోసారో చెప్పలేను. రిషభం దాటి గాంధారం మీదకు వచ్చాను. వేలు నొక్కింది. లాగలేదు. స్వరం తనంతట తను అక్కడ నిలబడింది, నిండుగా, నా సాయం ఏమీ అక్కర్లేకుండా.

నా చేతులు వీణ మీంచి జారిపోయాయి. మూడేళ్ళ కిందట ఆయన్ని ఇంట్లోంచి తీసుకెళ్తున్నప్పుడు నేను ఏడవలేదు. వచ్చినవాళ్ళకు మంచినీళ్ళిచ్చాను, చెప్పులు సర్దాను. మా నాన్నగారు నాకు ఆ గదిలో, ఆ గాంధారం మీద పోయారు. వీణ మీదకు వంగి, చిన్నపిల్లలా, గొంతు విడిచి ఏడ్చాను. సౌండతను రికార్డరు ఆపి చెవులమీదివి తీసి కింద పెట్టాడు. డబ్బింగావిడ వచ్చి నా వెనక కూర్చుని వీపు మీద చెయ్యి వేసింది. ఫొటోగ్రాఫరు నా ఒళ్ళోంచి వీణ మెల్లగా తీసుకుని, తన ఒళ్ళో పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు. ఎవరూ నన్ను ఊరుకోమనలేదు.